బావమరిది వచ్చే శనివారానికి ఏ గేము?

సందేహం: మేం మిన్నెసోటా వచ్చి ఏడు నెలలైంది. బయట మైనస్ 20. బాబుకి 12 ఏళ్లు, పాపకి 8. ఇద్దరూ చెరో గదిలో చెరో ట్యాబ్ పట్టుకుని కూర్చుంటున్నారు. ఎం.ఎస్. చదువుతున్న మా బావమరిది శనివారం శనివారం వస్తుంటాడు. నలుగురం కలిసి ఇంట్లో ఉన్న కంప్యూటర్ల మీద ఆడుకునేందుకు ఏ గేములు కొనమంటారు? టీవీకి తగిలించి ఆడే ఎక్స్‌బాక్స్ కొనేయండి, గొడవ వదిలిపోతుంది అంటున్నారు తెలిసినవాళ్లు.

జవాబు: అమీర్‌పేటకి కోర్సు నేర్చుకుంటానని చెప్పి వెళ్లి, పక్కసందు నెట్ సెంటర్లో కౌంటర్ స్ట్రైక్ అనే తుపాకుల ఆట ఆడిన బ్యాచ్ నాది. ఆ మూల కంప్యూటర్ దగ్గర్నుంచి ఒకడు "ఒరేయ్, నీ వెనకాలే ఉన్నాడ్రా!" అని అరిచేవాడు. ఆ అరుపులో ఉన్న మజా ఇంటర్నెట్‌లో ముక్కూమొహం తెలియని వాళ్లతో ఆడితే రాదు. ఎక్స్‌బాక్స్ మంచిదే, కానీ ఉన్న ఒక్క టీవీని నాలుగు ముక్కలు చేసుకుని ఆడాలి. మీ సైన్యం ఎక్కడ దాక్కుందో మీ బావమరిదికి కనిపించేస్తుంటే ఇంక ఎత్తులెక్కడివి? ఎవరి తెర వాళ్లకుంటేనే యుద్ధం.

గేముల జోలికి పోయే ముందు ఇంట్లో ఉన్న మిషన్లు కాగితం మీద రాయండి. అందులో ఆఫీసు లాప్‌టాప్ ఉంటే కొట్టేయండి. వీసా వాళ్ల చేతిలో ఉన్నప్పుడు వాళ్ల మిషన్లో గేములు ఎక్కించే సరదా మనకొద్దు. పైగా అందులోని వీపీఎన్ (ఆఫీసు నెట్‌వర్క్‌కి కలిపే ప్రోగ్రాం) చాలాసార్లు ఇంట్లోని మిగతా కంప్యూటర్లను కనపడనివ్వదు. ఆపిల్ వాళ్ల మ్యాక్ ఉంటే దాని పక్కన సున్నా చుట్టండి. రాజ్యాలు కట్టి యుద్ధాలు చేసే ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2 కొత్త ఎడిషన్ గానీ, కౌంటర్ స్ట్రైక్ 2 గానీ దానికి రావు. మిగిలినవాటిలో అన్నిటికన్నా ముసలి లాప్‌టాప్ ఏదో చూడండి. ఏ గేమన్నది అదే తేలుస్తుంది. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటి ఆటల్లో అన్ని కంప్యూటర్లూ ఒకే అడుగులో నడవాలి. ఒకటి వెనకబడితే మిగతా మూడూ దానికోసం ఆగుతాయి. మా ఇంట్లో పాత లాప్‌టాప్ ఉన్నన్నాళ్లూ అందరి ఏనుగులూ సినిమాలో స్లో మోషన్‌లా నడిచేవి.

మొదటి వారం పైసా ఖర్చు పెట్టకండి. సూపర్‌టక్స్‌కార్ట్ అని కార్ల పందెం ఉంది, ఉచితం. 2019లో వచ్చిన 1.0 నుంచి నెట్‌వర్క్ మీద ఆడుకోవచ్చు. మీ పాప అరగంటలో నేర్చేసుకుంటుంది, గంటలో మిమ్మల్ని ఓడిస్తుంది. రెండోది 0 ఏడీ అని ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ లాంటి యుద్ధాల ఆట, ఇదీ ఉచితమే, మ్యాక్‌లోనూ నడుస్తుంది. మౌర్యులను ఎంచుకుంటే ఏనుగులు దొరుకుతాయి. నాలుగు మిషన్లలోనూ ఒకే వెర్షన్ ఉండేలా చూసుకోండి, లేకపోతే ఒకదాన్నొకటి చేర్చుకోవు.

డబ్బులు పెట్టేదైతే పిల్లలు మిమ్మల్ని అడిగేది దిమ్మెలు పేర్చి కట్టుకునే మైన్‌క్రాఫ్టే. ఇక్కడే జనం పప్పులో కాలేస్తారు. అందులో జావా అని ఒకటి, బెడ్‌రాక్ అని ఒకటి. ఆ రెండూ కలిసి ఆడవు. ట్యాబ్‌లో వచ్చేది బెడ్‌రాక్ కాబట్టి, పాప ట్యాబ్ మీదే ఆడుతుందంటే కంప్యూటర్లలోనూ బెడ్‌రాకే తెరవాలి. ప్రతి మనిషికీ సొంత ఖాతా కావాలి. పిల్లల ఖాతాకు నలుగురితో కలిసి ఆడే అనుమతి తల్లిదండ్రుల ఖాతాలోంచి మీరే ఇవ్వాలి. అది ఇవ్వకుండా "నాన్నా, రావట్లేదు" అని పిల్లవాడు ఏడుస్తుంటే తప్పంతా రౌటర్ మీద తోసేస్తుంటాం.

మీకూ బావమరిదికీ అయితే నా ఓటు ఏజ్ ఆఫ్ ఎంపైర్స్ 2కే. 1999 నాటి ఆట. 2019లో కొత్త హంగులతో మళ్లీ వచ్చింది, ఎనిమిది మంది దాకా ఆడొచ్చు. 2022లో భారతదేశం మీద వేసిన అదనపు భాగంలో ద్రావిడులు వచ్చారు. ఉరుమి (కొరడాలా వంగే కత్తి) తిప్పే వీరుల్ని చూసి తీరాలి. వాళ్లు మాట్లాడేది తమిళం, మనకింకా వంతు రాలేదు. మొదట్లో బావాబావమరుదులు ఒకరి మీద ఒకరు పడకండి, ఇద్దరూ ఒక జట్టై కంప్యూటర్ నడిపే సైన్యం మీదకి వెళ్లండి. భోజనాల వేళకి మొహాలు మాడకుండా ఉంటాయి.

ఇక్కడ గేము అట్ట మీద వయసు అక్షరం ఉంటుంది. ఈ అంటే అందరికీ, టి అంటే 13 దాటినవాళ్లకి, ఎం అంటే 17 దాటినవాళ్లకి. ఏజ్ ఆఫ్ ఎంపైర్స్‌ది టి. మీ బాబుకి ఏడాది తక్కువ. నేనైతే పక్కన కూర్చుని ఆడనిస్తాను. కౌంటర్ స్ట్రైక్ మాత్రం పిల్లలు పడుకున్నాకే.

స్టీమ్ అనే ఆన్‌లైన్ గేముల దుకాణంలో కొనేటప్పుడు నేను చేసిన పొరపాటు మీరు చెయ్యకండి. డిసెంబరు సేల్‌లో చవగ్గా వచ్చిందని ఒక్క కాపీ కొని, స్టీమ్ ఫ్యామిలీ అనే సదుపాయంలో ఇంట్లో అందరినీ చేర్చి రెండు మిషన్లలో ఎక్కించాను. మావాడు తెరవగానే నాకు తెరుచుకోలేదు. ఆ ఫ్యామిలీలో ఆరుగురు దాకా ఉండొచ్చు, వేర్వేరు గేములు ఒకేసారి ఆడొచ్చు. అదే గేము ఇద్దరు ఒకేసారి ఆడాలంటే రెండు కాపీలుండాల్సిందే. ఇంకోటి, గేము పేజీలో కుడివైపు చూడండి. "ల్యాన్" (ఇంటి లోపలి నెట్‌వర్క్) అన్న మాట ఉంటే కంప్యూటర్లు ఇంట్లోనే కలుస్తాయి. "ఆన్‌లైన్" అని మాత్రమే ఉంటే పక్కపక్కన కూర్చున్నా ఆట ఇంటర్నెట్‌లోకి వెళ్లి తిరిగి రావాలి. 2010లో వచ్చిన స్టార్‌క్రాఫ్ట్ 2 అనే యుద్ధాల ఆటలో అసలు ల్యాన్ లేనే లేదు.

నెట్‌వర్క్ సంగతి. మా ఇంటికొచ్చిన వాళ్లకి గెస్ట్ వైఫై పాస్‌వర్డే ఇస్తాం. మొదటిసారి మా తమ్ముడొచ్చి ఆడదామని కూర్చుంటే గంటన్నరసేపు వాడి కంప్యూటర్ నాకు కనపడదు, నాది వాడికి కనపడదు. పెసరట్లు పోస్తూ మా ఆవిడ, "ఒక్క సోఫాలో కూర్చుని ఒకళ్లకొకళ్లు కనపడకపోవడమేంటండీ?" అంది. గెస్ట్ వైఫై పనే అది, లోపలి మిషన్లను దాచడం. అందరినీ అసలు వైఫైలో పెట్టాకే కదిలింది. మీ ఇంట్లో నెట్ కంపెనీ ఇచ్చిన డబ్బా ఒకటి, మీరు కొన్న రౌటర్ ఒకటి ఉంటే అందరూ ఒకే దానికి తగులుకోవాలి. విండోస్‌లో ఇంటి నెట్‌వర్క్‌ని ప్రైవేట్ అని పెట్టండి. గేము తొలిసారి తెరిచినప్పుడు ఫైర్‌వాల్ (విండోస్‌లోని కాపలా ప్రోగ్రాం) అనుమతి అడుగుతుంది, చదవకుండా క్యాన్సిల్ కొట్టేస్తాం. కొట్టొద్దు.

అపార్ట్‌మెంట్‌లో చుట్టూ ఇరవై వైఫైలు ఉంటాయి కాబట్టి వీలైతే తీగ వేసుకోండి. ఐదు రంధ్రాల గిగాబిట్ స్విచ్ (కంప్యూటర్లను తీగలతో కలిపే చిన్న డబ్బా), ఐదు క్యాట్ 5ఈ రకం కేబుళ్లు చాలు, నాలుగు లాప్‌టాప్‌లకి, ఒకటి రౌటర్‌కి. డైనింగ్ టేబుల్ మీద నాలుగు లాప్‌టాప్‌లు, మధ్యలో స్విచ్. సన్న లాప్‌టాప్‌లకి కేబుల్ పెట్టే చోటుండదు, యూఎస్‌బీ అడాప్టర్ ఒకటి తీసుకోండి. స్టీమ్‌లో ఒక మిషన్లోకి దించిన గేమును ఇంట్లోనే రెండోదానికి కాపీ చేసుకునే సదుపాయం 2023 నుంచి ఉంది. నెలకింత డేటా అని లెక్కగట్టే కనెక్షన్ అయితే అది వాడండి.

ఈ శనివారానికి సూపర్‌టక్స్‌కార్ట్, 0 ఏడీ శుక్రవారం రాత్రే దించి పెట్టుకోండి. బావమరిదిని చార్జర్ తెచ్చుకోమని రెండుసార్లు చెప్పండి. మా తమ్ముడు మొన్న కూడా మర్చిపోయి వచ్చాడు.