సందేహాలు – సమాధానాలు: సంచుల్లోని చెట్ల నారు, వేర్ల తీరు

ప్రశ్న: నర్సరీ సంచుల్లో పెంచుతున్న మొక్కలు ఎత్తు పెరగడం లేదు, కింది ఆకులు పసుపుబారాయి. పీకి చూస్తే వేర్లు మాత్రం బాగానే ఉన్నాయి. పోషకాలు చాలకపోతే వేర్లు కూడా తగ్గాలి కదా?

జవాబు: తగ్గాలనేమీ లేదు. ఏ పోషకం చాలలేదన్నదే అసలు విషయం. నత్రజని, భాస్వరం చాలనప్పుడు కొత్త ఆకులు, కాండం ఎదగడం ముందు మందగిస్తుంది. ఆకులు తయారుచేసిన చక్కెరలో పైన ఖర్చుకానిది ఎక్కువగా వేర్లకు దిగుతుంది. మొక్క మొత్తం బరువు తగ్గినా, అందులో వేరు వాటా పెరుగుతుంది. చూసి మురిసిపోవద్దు, అది ఆకలి మీదున్న వేరు.

నత్రజని లోపంలో వేర్లు సన్నగా, పొడవుగా సాగుతాయి, పిల్లవేర్లు పలచగా ఉంటాయి. భాస్వరం లోపంలో ఆకులు పసుపు కావు. మామూలు కంటే ముదురు ఆకుపచ్చగా, ఒక్కోసారి ఊదాగా మారతాయి. వేరు మీది నూగు పొడవుగా, ఒత్తుగా వస్తుంది. సిల్వర్ ఓక్ లాంటి చెట్లయితే సీసాలు కడిగే బ్రష్‌లా గుత్తివేర్లు వేసి, ఆమ్లాలు వదిలి, మట్టిలో బిగుసుకున్న భాస్వరాన్ని కరిగించుకుంటాయి.

మీ మొక్కలకు కింది ఆకులు ముందు పసుపుబారాయి కాబట్టి నత్రజనినే అనుమానించాలి. మట్టిలో కుళ్లని రంపపు పొట్టు కలిపారేమో చూడండి. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు నత్రజనిని ముందే లాగేసుకుంటాయి. 10 లీటర్ల నీటికి 2 గ్రాముల యూరియా కలిపి వారానికి రెండుసార్లు పోయండి. అప్పుడు లీటరుకు సుమారు 90 మిల్లీగ్రాముల నత్రజని అందుతుంది. తొందరపడి రెట్టింపు పోస్తే ఆకు గుబురుగా వచ్చి వేరు వెనకబడుతుంది. అలాంటి మొక్క నాటిన చోట నీటి ఎద్దడికి నిలవదు.

కంటి అంచనా మీద నమ్మకం లేకపోతే తూకం వేయండి. కనీసం ఐదు మొక్కల వేర్లను జల్లెడ మీద కడిగి, కాండం మొదట్లో కోసి, పైభాగాన్నీ వేర్లనూ విడిగా 70 డిగ్రీల వేడిలో రెండు రోజులు ఆరబెట్టి తూచాలి. ఆరోగ్యంగా ఉన్న, దాదాపు అంతే సైజు మొక్కలతోనే పోల్చండి. మొక్క పెరిగేకొద్దీ వేరుకూ పైభాగానికీ మధ్య బరువు నిష్పత్తి దానంతటదే మారుతుంది.

ప్రశ్న: కొబ్బరి పొట్టులో పెంచిన మొక్కలకు ముదురు ఆకుల ఈనెలు పచ్చగా ఉన్నాయి, మధ్య భాగం పసుపుగా ఉంది. వేర్లు చాలా తక్కువ. యూరియా పోసినా మార్పు లేదు.

జవాబు: యూరియాతో పోయేది కాదిది, మెగ్నీషియం లోపం. ఆకులోని చక్కెర వేరు దాకా చేరాలంటే మెగ్నీషియం, పొటాషియం కావాలి. అవి చాలకపోతే చక్కెర ఆకులోనే పేరుకుపోయి, వేరు పస్తు ఉంటుంది. ఆకు పసుపుబారే నాటికే వేరు దెబ్బతిని ఉండొచ్చు. కొబ్బరి పొట్టులో పొటాషియం, సోడియం ఎక్కువ. ఇవి మెగ్నీషియానికి పోటీ వస్తాయి. లీటరుకు 10 గ్రాముల ఎప్సమ్ సాల్ట్ (మెగ్నీషియం సల్ఫేట్) కలిపి, ఎండ తగ్గాక, పది రోజుల తేడాతో రెండుసార్లు ఆకుల మీద చల్లండి. సంచిలో పోయడానికైతే 10 లీటర్లకు 4 గ్రాములు చాలు. ఈసారి పొట్టును బాగా కడిగి, కాల్షియం నైట్రేట్ నీళ్లలో రాత్రంతా నానబెట్టి, మళ్లీ కడిగి వాడండి.

ప్రశ్న: వేరు కొసలు మొద్దుబారి, గోధుమ రంగుకు తిరుగుతున్నాయి. ఆకులకు కాల్షియం చల్లితే సరిపోతుందా?

జవాబు: సరిపోదు. ఆకులో పడిన కాల్షియం కిందికి దిగదు, వేరు కొస దాన్ని తన చుట్టూ ఉన్న మట్టి నుంచే తీసుకోవాలి. ముందు మట్టి పీహెచ్ (ఆమ్లత్వం కొలత) చూడండి. 5 కంటే తగ్గితే అల్యూమినియం కరిగి ఇవే లక్షణాలు తెస్తుంది. అప్పుడు సున్నం వేయాలి. పీహెచ్ బాగున్నా కొసలు ఉబ్బి పొట్టిగా ఉంటే బోరాన్ లోపం కావచ్చు. 3 గ్రాముల బోరిక్ యాసిడ్‌ను లీటరు నీటిలో కరిగించి, అందులోంచి 10 మిల్లీలీటర్లు మాత్రమే 10 లీటర్ల నీటిలో కలిపి ఒక్కసారి పోయండి. మోతాదు కాస్త మించినా ఆకు అంచులు మాడతాయి. వేరు పట్టి లాగితే పైతొక్క ఊడి, లోపలి దారం మిగిలి, కుళ్లు వాసన వస్తే మాత్రం అది పోషక లోపం కాదు, నీళ్లు ఎక్కువై వేరు కుళ్లడం. నీళ్లు తగ్గించండి.