ఎదురుగాలికి ఎన్ని మైళ్లు?

ప్రశ్న: డాలస్ పక్కన ఫ్రిస్కోలో ఉంటాం. ఈ మధ్యనే సెకండ్ హ్యాండ్‌లో 2023 ఫోర్డ్ ఎఫ్-150 లైట్నింగ్ ఎలక్ట్రిక్ ట్రక్కు కొన్నాను, పెద్ద బ్యాటరీది, ఫుల్ చార్జికి 320 మైళ్లు వస్తుందని చెప్పారు. నరసరావుపేట నుంచి అమ్మానాన్న వచ్చారు. డిసెంబరు సెలవుల్లో గ్రాండ్ కాన్యన్ చూపిద్దామనుకుంటున్నా. ఇంతవరకు ఆఫీసుకి, కాస్ట్‌కోకి తప్ప ఈ ట్రక్కు ఎక్కడికీ తీసుకెళ్లలేదు. మధ్యలో చార్జి అయిపోతే పెద్దవాళ్లతో చలిలో రోడ్డు మీద ఉండిపోతామేమో అని మా ఆవిడకి టెన్షన్, నిజం చెప్పాలంటే నాకూ టెన్షనే. వెళ్లొచ్చా? పెట్రోలు కారు అద్దెకి తీసుకోవడం మేలా?

జవాబు: వెళ్లండి, హాయిగా వెళ్లి రావచ్చు. కాకపోతే ఆ 320ని ఇంట్లోనే వదిలేసి బయల్దేరండి.

పోయిన డిసెంబరులో నేను వెళ్లింది సరిగ్గా ఇదే దారి, ఇదే మోడల్ ట్రక్కు, వెనక సీట్లో మా అమ్మా నాన్నా. డాలస్ నుంచి 287 హైవే పట్టుకుని విచిటా ఫాల్స్, చిల్డ్రెస్, ఆమరిల్లో, అక్కడి నుంచి ఐ-40 మీద టుకుమ్‌కేరి, ఆల్బుకర్కీ, గాలప్, ఫ్లాగ్‌స్టాఫ్. ఒకవైపు సుమారు వెయ్యి మైళ్లు. విచిటా ఫాల్స్‌లో 92 శాతం చార్జితో బయల్దేరినప్పుడు స్క్రీన్ మీద 265 మైళ్లు చూపించింది. ఆమరిల్లో 225 మైళ్లు. ఇంకా 40 మైళ్లు చేతిలో ఉంటాయి కదా, మధ్యలో ఆగడం ఎందుకు అనుకున్నాను. 75లో క్రూజ్ పెట్టేసి, హీటర్ పెట్టేసి, పాటలు పెట్టుకుని పోతున్నాం.

చిల్డ్రెస్ దగ్గర భోజనానికి ఆపాం. ఈ ట్రక్కు వెనక ప్లగ్గులుంటాయి కదా, అమ్మ రైస్ కుక్కర్ తెచ్చింది, అక్కడే అన్నం పెట్టింది. ఉడికాక మూత తీస్తే ఆవిరి పైకి లేవలేదు, అడ్డంగా, మేం వచ్చిన దారి వైపే కొట్టుకుపోయింది. గోంగూర పచ్చడి మీద వేసిన పేపర్ ప్లేటు కూడా దాని వెంటే పోయింది. అప్పుడు గానీ నాకు వెలగలేదు, 108 మైళ్లూ ఎదురుగాలిలో వచ్చామని. స్క్రీన్ లెక్క ప్రకారం 54 శాతం ఉండాల్సిన చోట 36 ఉంది. ఆమరిల్లోకి ఇంకా 117 మైళ్లు.

కుక్కర్ వల్లే చార్జి అయిపోయిందని మా నాన్న ఆమరిల్లో దాకా అంటూనే ఉన్నాడు. ఆ అన్నానికి అయిన కరెంటుతో ట్రక్కు ఒక మైలు కూడా నడవదు, ధైర్యంగా వండుకోండి.

అసలు దొంగలు వేగం, గాలి. గాలి వెనక్కి తోసే తోపు వేగానికి వర్గంగా పెరుగుతుంది, స్కూల్లో చదువుకున్నదే. మీరు 75లో పోతుంటే ఎదురుగా 20 మైళ్ల గాలి ఉందనుకోండి, ట్రక్కుకి అది 95తో సమానం, తోపు 60 శాతం పెరిగినట్టు. ఎఫ్-150 ముందు భాగం చూస్తే గోడే కదా! దానికి తోడు ఈ దారంతా ఎక్కుడే, కంటికి కనపడదు గానీ డాలస్ నుంచి ఆమరిల్లో చేరేసరికి 3,000 అడుగుల పైన ఎక్కుతాం, నిండా మనుషులూ సామాన్లూ ఉన్న ట్రక్కుకి ఆ ఎక్కుడికే ఏడు శాతం దాకా బ్యాటరీ పోతుంది. ఫ్లాగ్‌స్టాఫ్ అయితే దాదాపు 7,000 అడుగుల ఎత్తున ఉంది. ఇక ఆమరిల్లో గాలి సంగతి టెక్సాస్‌లో ఎవరినడిగినా చెప్తారు.

స్క్రీన్ మీద కనిపించే మైళ్లు అబద్ధం కాదు, కానీ అది ఎక్కువగా మీరు ఇన్నాళ్లూ నడిపిన తీరును బట్టి వేసే అంచనా. ఫ్రిస్కోలో ఆఫీసుకి వెళ్లొచ్చే బండికి ఆమరిల్లో వైపు, పాన్‌హ్యాండిల్ అంటారే, అక్కడి గాలి ఏం తెలుసు? అందుకే స్క్రీన్‌లో మైళ్లు మానేసి శాతం పెట్టుకోండి. బయల్దేరిన ముప్పై మైళ్లకి ఎంత శాతం పోయిందో చూసుకోండి. పది పోతే వంద మైళ్లకి 33, అంతే లెక్క. నాకు వెళ్లేటప్పుడు ఆ 108 మైళ్లకి 56 శాతం పోయింది. తిరుగు ప్రయాణంలో అదే రోడ్డు, అవే 108 మైళ్లు, గాలి వెనక నుంచి, రోడ్డు పల్లానికి, 36 శాతంతో అయిపోయింది. అంటే వెళ్లేటప్పుడు పడిన కష్టం చూసి తిరుగు ప్రయాణానికి భయపడక్కర్లేదు. మీరెప్పుడైనా ముందు తూర్పుకి వెళ్తే మాత్రం దీన్ని తిరగేసి గుర్తుపెట్టుకోండి.

చిల్డ్రెస్‌లో మేం వెళ్లిన చోట నాలుగు చార్జర్లలో రెండు పనిచేయడం లేదు, ఒకదాంట్లో వేరే కారు ఉంది, మిగిలిన దాంట్లో పెట్టి 80 దాకా ఎక్కించుకున్నాం. అక్కడి నుంచి 65లో నడిపాను. 75కీ 65కీ తేడా ఆ దూరానికి 14 నిమిషాలు, అంతే. గాలి లేని రోజున ఆ పది మైళ్లు తగ్గిస్తే తోపు పాతిక శాతం తగ్గుతుంది. ఆమరిల్లోలో దిగేసరికి 29 శాతం మిగిలింది, మా ఆవిడ కూడా మామూలుగా మాట్లాడటం మొదలుపెట్టింది.

ఇక మీ ట్రక్కు సంగతి. బ్యాటరీలో వాడుకోగలిగేది 131 యూనిట్లు. చలికాలం హైవే మీద యూనిట్‌కి ఒకటిన్నర నుంచి రెండు మైళ్లు అనుకోండి. 80 నుంచి 15 దాకా వాడుకుంటే 130 నుంచి 170 మైళ్లు. మీ ఆగే చోట్లు ఈ లెక్కలో పెట్టుకోండి, వీలైతే 120కే. ఫాస్ట్ చార్జర్ మీద 15 నుంచి 80కి 41 నిమిషాలని కంపెనీ లెక్క, చలిలో ఇంకాస్త పడుతుంది. 80 దాటాక నత్తనడక, అక్కడ కూర్చోవడం దండగ. ఒక చిట్కా, చార్జింగ్ స్టేషన్‌ని ట్రక్కులోని మ్యాప్‌లోనే గమ్యంగా పెట్టండి, ఫోన్‌లో కాదు, అప్పుడే అది దారిలో బ్యాటరీని వేడి చేసుకుంటుంది.

2024 ఫిబ్రవరి చివరి నుంచి ఫోర్డ్ బళ్లకి టెస్లా సూపర్‌చార్జర్లు, అంటే వాళ్ల ఫాస్ట్ చార్జింగ్ స్టేషన్లు, తెరిచారు, వాళ్ల ప్లగ్గు మన ట్రక్కుకి పట్టడానికి అడాప్టర్ కావాలి. పాత యజమాని దగ్గర ఉందేమో ముందు అడగండి, లేకపోతే కొనుక్కోండి, అది లేకుండా ఈ ట్రిప్ వద్దు. పాతకాలం సూపర్‌చార్జర్లు మనకి పనిచేయవు, కాబట్టి ఫోర్డ్ యాప్‌లో కనిపించే వాటినే నమ్మండి. ఆ అడాప్టర్ ఫాస్ట్ చార్జింగ్‌కి మాత్రమే, హోటళ్లలో టెస్లా ప్లగ్గులకి అది వాడకూడదు. ఇంకోటి, మన ప్లగ్గు డ్రైవరు వైపు ముందు చక్రం పక్కన, వాళ్లది వెనక. కేబులేమో పొట్టి. పక్క స్లాట్ కేబుల్ లాగితే గానీ అందదు, అంటే మనం రెండు చార్జర్లు ఆపేసినట్టే. చివరి స్లాట్ ఖాళీగా ఉంటే అక్కడే పెట్టండి. నేను మొదటిసారి నాలుగుసార్లు ముందుకీ వెనక్కీ చేస్తుంటే పక్కన టెస్లాలో పెద్దాయన దిగొచ్చి చేతులూపి మరీ పార్క్ చేయించాడు.

చలి గురించి: 2023 మోడల్‌లో హీట్ పంప్ (తక్కువ కరెంటుతో లోపల వేడి చేసేది) లేదు, 2024లో వచ్చింది. మీ హీటర్ గట్టిగా తిరిగితే గంటకి నాలుగు శాతం వరకు తినేస్తుంది. ట్రక్కు ప్లగ్‌లో ఉండగానే లోపల వేడి చేసుకుని బయల్దేరండి, సీటు హీటర్లుంటే వాడండి. అంతేగానీ చార్జి మిగల్చడానికి పెద్దవాళ్లని వణికించకండి, ఇరవై నిమిషాలు ఎక్కువ ఆగుదురు గానీ.

మూడు రోజుల్లో వెళ్లండి. మొదటి రాత్రి ఆమరిల్లో, రెండో రాత్రి ఆల్బుకర్కీ, మూడో రోజు ఫ్లాగ్‌స్టాఫ్. మా నాన్నకి షుగరు, రెండు గంటలకోసారి ఎలాగూ దిగాలి, చార్జింగ్ పుణ్యమా అని అసలు గొడవే రాలేదు. చార్జర్ ఉన్న హోటల్ చూసుకోండి, రాత్రంతా పెడితే సగం బ్యాటరీ ఎక్కుతుంది. బుక్ చేసే ముందు ఫోన్ చేసి అది పనిచేస్తుందా అని అడగండి. ఫ్లాగ్‌స్టాఫ్ నుంచి సౌత్ రిమ్‌కి, అంటే గ్రాండ్ కాన్యన్ దక్షిణపు అంచుకి, వెళ్లి రావడం 160 మైళ్లు, ఆ రోజు పొద్దున్న మాత్రం 90 పైన ఉంచుకోండి.

ప్రశ్న: మాదీ అదే ట్రక్కు. అది 10,000 పౌండ్లు లాగుతుందట. మొదటి ట్రిప్‌కే క్యాంపింగ్ ట్రైలర్ అద్దెకి తీసుకుని పిల్లలతో వెళ్దామనుకుంటున్నాం. (ఆస్టిన్ నుంచి)

జవాబు: లాగుతుంది, ట్రైలర్లు లాగడానికి కంపెనీ విడిగా ఇచ్చే టోయింగ్ ప్యాకేజీ మీ ట్రక్కుకి ఉంటే. కానీ డబ్బాలాంటి ట్రైలర్ తగిలిస్తే మైళ్లు సగానికి పడిపోతాయి, బరువు వల్ల కంటే గాలి వల్లే ఎక్కువ. అంటే గంటా గంటన్నరకోసారి ఆగాలి. చాలా స్టేషన్లలో ట్రైలర్‌తో నిలబడే చోటు ఉండదు, ప్రతిసారీ విప్పి పక్కన పెట్టి, చార్జి చేసుకుని, మళ్లీ తగిలించాలి. పిల్లలు ఏడుస్తుంటే ఒక్కసారి విప్పి చూడండి, మీకే తెలుస్తుంది. ముందు ట్రైలర్ లేకుండా ఒక ట్రిప్ వెళ్లి రండి.

ప్రశ్న: సూర్యాపేట మాది. టాటా ఏస్ ఈవీ తీసుకున్నాను, 154 కిలోమీటర్లు వస్తుందన్నారు. బత్తాయి లోడుతో బాటసింగారం పండ్ల మార్కెట్‌కి ఒక్క చార్జితో పోవచ్చా?

జవాబు: మీది అమెరికా ట్రక్కు కాకపోయినా లెక్క అదే. 154 అనేది పరీక్షలో వచ్చిన నంబరు, నిండు లోడుతో హైవే మీద కాదు. మీకు వెళ్లేదే వంద దాటుతుంది. నార్కట్‌పల్లి, చిట్యాల ప్రాంతంలో ఎక్కడ చార్జర్ ఉందో యాప్‌లో చూసి, అది పనిచేస్తోందో లేదో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. ఫాస్ట్ చార్జర్ అయినా మీ బండికి గంటన్నర పైన పట్టొచ్చు, తెల్లారేసరికి మార్కెట్‌లో ఉండాలంటే ఆ మేరకు ముందే బయల్దేరాలి. తిరిగొచ్చేటప్పుడు ఖాళీ బండి కాబట్టి తక్కువే తింటుంది. మొదటిసారి మాత్రం నార్కట్‌పల్లిలో ఎంత శాతం మిగిలిందో, ఎన్ని కిలోల లోడో రెండూ రాసి పెట్టుకోండి, రెండో ట్రిప్‌కి నన్ను అడగాల్సిన పని ఉండదు.