కోటిన్నర జమైతే 45కే ఉద్యోగం మానేయొచ్చా? పాలమూరు నుంచి నా లెక్క

ఇక్కడ ఒక తమ్ముడు అడిగింది క్లుప్తంగా ఇదీ: వయసు 34, సొంతూరు మిర్యాలగూడ పక్కన, ఉద్యోగం హైదరాబాద్‌లో, ఇంటి ఖర్చు నెలకు 50 వేలు. ఏడాది ఖర్చుకి 25 రెట్లు జమ చేసుకుంటే ఇక జీతం కోసం పని చేయక్కర్లేదని చదివాడు, అంటే కోటిన్నర. 45 ఏళ్లకి మానేసి ఊరికి వచ్చేస్తే ఆ పైసలు సరిపోతాయా, దీని గురించి ఇంకా ఏం చదవాలి అని.

సరిపోవు. కానీ నువ్వు భయపడేంత దూరంలో కూడా లేవు, ఎందుకో చెప్తా.

నా సంగతి ముందు. నేను జడ్చర్లలో ఒక మందుల కంపెనీలో చేసి 46 ఏళ్లకి మానేశాను, ఇప్పుడు మహబూబ్‌నగర్‌లోనే ఉంటున్నాం. మా ఆవిడ ప్రభుత్వ టీచర్, ఆమె ఉద్యోగం ఇంకా ఉంది. ఈ ముక్క మొదట్లోనే చెప్తున్నా, ఎందుకంటే నలభైకే రిటైర్ అయ్యామని ఇంటర్నెట్‌లో రాసేవాళ్లలో చాలామంది ఇళ్లల్లో భార్యో భర్తో ఇంకా సంపాదిస్తూనే ఉంటారు, ఆ మాట మాత్రం పదో పేరాలో ఎక్కడో దొరుకుతుంది.

ఇక 25 రెట్ల సంగతి. 1994లో విలియం బెంగెన్ అనే అమెరికా ఫైనాన్షియల్ ప్లానర్ వేసిన లెక్క అది. 1926 నుంచి అక్కడి షేర్లు, ప్రభుత్వ బాండ్ల రాబడులు తీసుకుని, ఏ సంవత్సరం రిటైర్ అయినవాడైనా మొదటి ఏడాది మొత్తంలో 4 శాతం తీసి, ఆ తర్వాత ధరలు పెరిగినంత పెంచుకుంటూ పోతే 30 ఏళ్లు డబ్బు అయిపోకుండా ఉంటుందా అని చూశాడు. ఉంటుందని తేలింది. 1998లో టెక్సాస్‌లోని ట్రినిటీ యూనివర్సిటీ ప్రొఫెసర్లు ముగ్గురు కూడా దాదాపు అదే మాట అన్నారు. 4 శాతాన్ని తిరగేస్తే, అంటే 100ని 4తో భాగిస్తే, 25 రెట్లు. ఇందులో గమనించాల్సింది, అది 30 ఏళ్ల లెక్క, అంటే 65కి రిటైర్ అయ్యి 95 దాకా బతికేవాడి లెక్క, అదీ అమెరికా ధరలతో. నువ్వు 45కి మానేస్తే నీకు 45, 50 ఏళ్లు కావాలి, పైగా మన దగ్గర ధరలు అక్కడికంటే వేగంగా పెరుగుతాయి. 2010 తర్వాత రెండు మూడేళ్లు మన దగ్గర ధరలు ఏడాదికి పది శాతం దాకా పెరిగాయి, గుర్తుందో లేదో నీకు, అప్పుడు నువ్వు కాలేజీలో ఉండుంటావు.

అందుకే నేను 35 రెట్లు పెట్టుకున్నాను. అంతకంటే తక్కువైతే నాకు రాత్రి నిద్ర పట్టదు, అంతే. నీకు 32 చాలనిపిస్తే గొడవ లేదు. 25 మాత్రం వద్దు.

అయితే తమ్ముడూ, అందరూ ఎన్ని రెట్లు అనే దాని మీదే కొట్టుకుంటారు గానీ, దేన్ని హెచ్చవేస్తున్నామో చూడరు. మన జిల్లాల్లో అసలు తేడా అక్కడే వస్తుంది. నెల ఖర్చు 50 వేలు అన్నావు. అందులో ఏముంది? అద్దె, కిరాణా, స్కూల్ ఫీజు, పెట్రోల్, కరెంట్, ఫోన్లు. మరి ఆడబిడ్డకి ఒడిబియ్యం పోసిన ఏడాది? మేనకోడలి పెళ్లికి మేనమామగా పెట్టాల్సింది? బతుకమ్మకి అక్కాచెల్లెళ్ల చీరలు, బోనాలు, ఊళ్లో ఎవరైనా పోతే పదకొండో రోజు దావత్‌లో మన వాటా, గృహప్రవేశాలకి బట్టలు, అమ్మ మోకాళ్ల ఆపరేషన్, ఊళ్లో బోరు మోటరు కాలిపోతే తమ్ముడు చేసే ఫోన్? ఇవి నెల ఖర్చులో కనపడవు. ఒక్కో ఏడాది ఏమీ ఉండవు, ఒక్కో ఏడాది బోనస్ మొత్తం మింగేస్తాయి.

మేము కొన్నేళ్లు వీటన్నిటినీ వేరే నోట్‌బుక్‌లో రాశాం. మా ఆవిడ పట్టుదల అది, నాకైతే మొదట్లో చిరాకేసేది. చివరికి తేలిందేంటంటే, నెలవారీ ఖర్చు 32 వేలు అనుకుంటూ ఉంటే, ఈ పెట్టుపోతలు, ఆసుపత్రి, ఇంటి రిపేర్లు, బండి, అన్నీ కలిపి సగటున ఏడాదికి లక్షన్నర అవుతోంది. అంటే మా అసలు ఖర్చు నెలకు 44 వేల పైనే. నలభై శాతం తేడా! 35 రెట్లు వేస్తే ఒక్క ఆ లక్షన్నర కోసమే 52 లక్షలు పక్కన ఉండాలి. ఇవి మానేస్తే అయిపోతుంది కదా అని సలహా ఇచ్చేవాళ్లు ఉంటారు. మానేసి ఊళ్లో ఉండలేవు. ఊరికి వెళ్లేదే మనుషుల కోసం, వాళ్ల పెళ్లికి ఉత్త చేతులతో పోతావా? హైదరాబాద్‌లో ఉన్నప్పుడు లీవ్ దొరకలేదని తప్పించుకోవచ్చు, ఊళ్లో ఉంటే ఆ సాకు కూడా ఉండదు. నేను ఉద్యోగం మానేశాక పెట్టుపోతల ఖర్చు తగ్గలేదు, పెరిగింది, ఎందుకంటే ఇప్పుడు ప్రతి దానికీ వెళ్తున్నాను.

నీ లెక్క ఇప్పుడు మళ్లీ వేద్దాం. మిర్యాలగూడలో సొంత ఇల్లు ఉందనుకుందాం, 50 వేలల్లో ఒక 18 వేలు అద్దె పోతుంది. 32 వేలు మిగిలింది, పైన చెప్పినవి కలిపితే 45 వేలు. ఏడాదికి 5 లక్షల 40 వేలు, 35 రెట్లు అంటే దాదాపు కోటి తొంభై లక్షలు. కానీ ఇది ఈ రోజు రూపాయల్లో. నువ్వు మానేసేది 11 ఏళ్ల తర్వాత. ఏటా 6 శాతం ధరలు పెరిగితే అప్పటికి అదే ఖర్చు పది లక్షల పాతిక వేలు అవుతుంది, కావాల్సిన మొత్తం మూడున్నర కోట్లు దాటుతుంది. చూసి బెదిరిపోకు, నీ జీతం కూడా ఈ 11 ఏళ్లూ అక్కడే ఆగదు. కానీ కోటిన్నర అనే అంకెను 2030ల దాకా మోసుకెళ్లకు.

ఎంత పొదుపు చేయాలి అన్నదానికి ఒక చిన్న పట్టిక ఉంది, మిస్టర్ మనీ ముస్టాష్ అనే పేరుతో బ్లాగ్ రాసే ఆయన 2012లో పెట్టాడు. జీతంలో 30 శాతం మిగిల్చేవాడికి 28 ఏళ్లు, సగం మిగిల్చేవాడికి 17 ఏళ్లు, 65 శాతం మిగిల్చేవాడికి పదిన్నర ఏళ్లు. ధరల పెరుగుదల పోను 5 శాతం రాబడి, 25 రెట్లు, సున్నా నుంచి మొదలు, ఇవీ అందులో ఊహలు. అంటే నీ 11 ఏళ్లకి జీతంలో 60 శాతం పైన పక్కన పడాలి, అదీ ఆ పాత 25 రెట్లకే. ఇద్దరూ సంపాదిస్తూ ఒక జీతం ముట్టుకోకుండా ఉంటే తప్ప మామూలు ఇంట్లో అది కష్టం.

ఇక్కడే అందరూ వదిలేసే ఒక ఉపాయం ఉంది. పూర్తిగా మానేయకు. ఈ రోజు విలువలో నెలకు 15 వేలు వచ్చే చిన్న పని ఏదైనా పెట్టుకో, సాయంత్రం ట్యూషనో, రైస్ మిల్లు వాళ్లకి జీఎస్టీ లెక్కలు రాయడమో, నీ పాత ఆఫీసు పని కొంచెమో. ఏడాదికి లక్షా ఎనభై వేలు. 35 రెట్లతో గుణించు, 63 లక్షలు! ఆ పని ఎన్నాళ్లుంటుందో చెప్పలేం కాబట్టి సగమే లెక్కలోకి తీసుకో, అయినా ముప్పై లక్షల పైన జమ చేయాల్సిన భారం తగ్గుతుంది. హైదరాబాద్‌లో 15 వేలు ఏ మూలకి? మిర్యాలగూడలో ఇంటి కిరాణా, పాలు, కూరగాయలు దాంతో గడిచిపోతాయి. నేను ఇంటర్ పిల్లలకి కెమిస్ట్రీ చెప్తున్నా. పైసల కంటే ముందు ఇంకో లాభం ఉంది, నాన్న ఏం చేస్తారు అని ఎవరైనా మా అమ్మాయిని అడిగితే చెప్పడానికి ఒక మాట ఉంటుంది. నవ్వొద్దు, సంబంధాలు చూసే టైమ్‌లో ఇది పెద్ద విషయమే. ఏం పని చేయడు అంటే మన దగ్గర అర్థం వేరు.

పైసలు ఎక్కడ పెట్టాలి అంటే పెద్దగా చెప్పను, నేను సలహాదారుని కాదు. సగం పైన ఇండెక్స్ ఫండ్లలో (మార్కెట్ సూచీలో ఉన్న షేర్లన్నీ కలిపి కొనే ఫండ్లు), మిగతాది పీపీఎఫ్, పీఎఫ్, ఎఫ్‌డీల్లో ఉంచాను. ఒక్కటి మాత్రం గట్టిగా చెప్తా, మానేసే నాటికి నాలుగైదేళ్ల ఖర్చు షేర్లతో సంబంధం లేని చోట ఉండాలి. 2020 జనవరి నుంచి మార్చి లోపల నిఫ్టీ, అంటే మన 50 పెద్ద కంపెనీల షేర్ల సూచీ, 38 శాతం దాకా పడింది. కోటి రూపాయలు మొత్తం అందులోనే పెట్టినవాడికి 62 లక్షలే మిగిలాయి, అందులోంచి ఇంటి ఖర్చుకి 4 లక్షలు తీస్తే అది 4 శాతం కాదు, ఆరు శాతం పైనే. ఎండాకాలం బోరులో నీళ్లు తగ్గినప్పుడే మోటరు ఎక్కువ నడిపినట్టు అవుతుంది. ఆ ఏడాది మార్కెట్ తొందరగానే లేచింది, ప్రతిసారీ లేస్తుందని ఎవరూ రాసివ్వరు. ఇంకోటి, మన నాన్నలు రిటైర్ అయ్యాక పెట్టే సీనియర్ సిటిజన్ స్కీమ్ మామూలుగా 60 నిండితేనే. 45 ఏళ్లవాడికి పోస్టాఫీసులో మిగిలేది మంత్లీ ఇన్‌కమ్ స్కీమ్ లాంటివి, దానికీ ఒక్కరి పేరున 9 లక్షలు, జాయింట్‌గా 15 లక్షలే పరిమితి.

భూమి ఉంది కదా అన్నా అంటావు. నల్గొండ, పాలమూరులో ప్రతి ఒక్కడూ అనే మాటే. హైవే దగ్గర ఎకరం 60 లక్షలు చెప్తున్నాడనుకో, కౌలు ఏడాదికి 15 వేలు వస్తే అది పావు శాతం. ఆస్తి ఉన్నట్టే, ఆదాయం మాత్రం లేదు. అమ్మే ఉద్దేశం ఉంటేనే 35 రెట్లలో కలుపు, నాన్న ఉన్నంత కాలం అమ్మనివ్వడు అంటే కలపకు. వెంచర్లో కొన్న ప్లాట్ కూడా అంతే, అవసరమైన నెలలో కొనేవాడు దొరకడు. ఇక నూటికి రెండు రూపాయల మిత్తికి ఇచ్చి నెల నెలా కూర్చుని తినొచ్చు అనేవాళ్లు మీ బజారులో కూడా ఉంటారు. ఏడాదికి 24 శాతం, కాగితం మీద ఏ ఫండూ దానికి సాటిరాదు. మా దూరపు చుట్టం ఒకాయన రిటైర్మెంట్ డబ్బంతా అట్లాగే ఇచ్చాడు, మిత్తి కొన్నాళ్లు బాగానే వచ్చింది, తర్వాత అసలు తీసుకున్నవాడే ఊళ్లో లేడు.

ఆరోగ్య బీమా విషయంలో ఆలస్యం చేయకు. కంపెనీ పాలసీ ఉద్యోగంతో పాటే పోతుంది. సొంత పాలసీ కొత్తగా తీసుకుంటే ముందే ఉన్న షుగర్, బీపీ లాంటి వాటికి మూడేళ్ల దాకా వెయిటింగ్ పెట్టొచ్చు, అంటే అప్పటిదాకా వాటికి క్లెయిమ్ రాదు. కాబట్టి మానేయడానికి కనీసం మూడేళ్ల ముందే, ఇంకా కంపెనీ పాలసీ ఉండగానే, సొంతది తీసుకో. ఆరోగ్యశ్రీ 10 లక్షలకి పెంచారు, నిజమే, కానీ నీకు రేషన్ కార్డు ఉంటుందో లేదో, కావాల్సిన వైద్యం దాని కిందకి వస్తుందో లేదో, దాన్ని నమ్ముకుని ప్లాన్ వేయలేం.

చదవడానికి అంటే, పైన చెప్పిన ముస్టాష్ ఆయన ఉత్సాహం కోసం పనికొస్తాడు. సాఫ్ట్‌వేర్ ఇంజినీర్, 2005లో 30 ఏళ్లకే మానేశాడు, కొలరాడోలో ఉంటాడు, సైకిల్ తొక్కమంటాడు, కార్లు అమ్మేయమంటాడు. బాగుంటుంది, కానీ ఆయనకి మన బంధుబలగం లేదు. ఎర్లీ రిటైర్మెంట్ నౌ అనే బ్లాగ్ రాసే ఇంకొకాయన, ఒకప్పుడు అమెరికా ఫెడరల్ రిజర్వ్‌లో ఎకనామిస్ట్, ఎంత శాతం తీస్తే ఎన్నేళ్లు వస్తుందో డజన్ల కొద్దీ భాగాలు రాశాడు. ఎక్కువ ఏళ్లకి 4 శాతం ప్రమాదమని గట్టిగా వాదించేది ఆయనే. మొదటి కొన్ని భాగాలు చదివితే చాలు, తర్వాత తల తిరుగుతుంది. రోత్ అకౌంట్లు, సోషల్ సెక్యూరిటీ అని అమెరికా వాళ్ల రిటైర్మెంట్ పథకాలు వచ్చిన చోట నిర్మొహమాటంగా దాటేయ్, మనకి సంబంధం లేదు. మన దేశం లెక్కలకి ఫ్రీఫిన్‌క్యాల్ అనే వెబ్‌సైట్ చూడు, ఐఐటీ మద్రాస్ ప్రొఫెసర్ నడుపుతారు, ఎక్సెల్ షీట్లు ఉచితంగా పెట్టారు. అందులో మన ధరల పెరుగుదల, మన పన్నులు వేసి చూసుకోవచ్చు. రాయడం కొంచెం పొడిపొడిగా ఉంటుంది, ఓపిక పట్టు. ఒక్కటే చదివే టైమ్ ఉంటే ఇదే చదువు.

నీ పీఎఫ్‌లో ఎంత ఉంది, ఇంటావిడ ఉద్యోగం చేస్తుందా, చెల్లెళ్లు ఎవరైనా పెళ్లికి ఉన్నారా, మిర్యాలగూడ ఇంట్లో నీ వాటా రాతపూర్వకంగా ఉందా, ఈ నాలుగూ కింద రాయి. అప్పుడు లెక్క ఇంకొంచెం దగ్గరగా వేయొచ్చు.