మోకాలి ఇంప్లాంట్ బిల్లు: ఆ స్టిక్కర్లు ఎక్కడ?

ప్రశ్న: మా అమ్మకు ఒక ప్రైవేటు ఆస్పత్రిలో కుడి మోకాలి మార్పిడి ఆపరేషన్ చేయించాం. ముందు ప్యాకేజీ 2,10,000 రూపాయలు అన్నారు. డిశ్చార్జ్ నాటికి మా చేతి నుంచి 3,45,000 ఖర్చయింది. బిల్లులో ‘ఇంప్లాంట్, ఇతర సామగ్రి: 1,62,000’ అని ఒకే వరుస ఉంది. అమ్మ గొలుసు కుదువపెట్టి మరీ కట్టాం. అందులో 60,000 నగదుగా తీసుకుని రసీదు ఇవ్వలేదు. ఇదే ఆపరేషన్ మరో ఆస్పత్రిలో 1,80,000కే చేస్తారని తర్వాత తెలిసింది. బిల్లింగ్ విభాగం చుట్టూ తిరుగుతూ ఉండగానే 22 నెలలు గడిచాయి. అమ్మ ఇప్పుడు బాగానే నడుస్తోంది. అయినా ‘ఆపరేషన్ సరిగా చేయలేదని కేసు వేయండి, భయపడి డబ్బు వెనక్కిస్తారు’ అని తెలిసినవారు ఒకరు చెబుతున్నారు. వేయవచ్చా?

జవాబు: వేయకూడదు. ఎందుకో తర్వాత చెబుతాను. అంతకంటే ముఖ్యం, మీ చేతిలో మిగిలింది రెండు నెలలే.

2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం, ఫిర్యాదుకు కారణం ఏర్పడిన నాటి నుంచి రెండేళ్లలోపు వినియోగదారుల కమిషన్‌ను ఆశ్రయించాలి. మీ విషయంలో బిల్లు కట్టిన రోజు నుంచే లెక్క మొదలవుతుంది. ‘వచ్చే వారం రండి, మేనేజర్‌గారు లేరు’ అంటూ వారు తిప్పుకున్న నెలలు ఈ లెక్కలోంచి పోవు. లాయరు నోటీసు ఇచ్చినా గడువు ఆగదు. ఆలస్యాన్ని మన్నించమని అడిగే వీలుంది గానీ, బిల్లింగ్ గుమాస్తా మాట నమ్మి కూర్చున్నామన్నది తగిన కారణంగా నిలుస్తుందని నేను హామీ ఇవ్వలేను.

ఇక ధర సంగతి. పక్క ఆస్పత్రిలో 1,80,000 అన్నది మీకు సాక్ష్యం కాదు. సర్జన్ ఫీజు, ఆపరేషన్ థియేటర్, గది అద్దె ఒక్కో ఆస్పత్రిలో ఒక్కోలా ఉండవచ్చు. ఎక్కువ తీసుకున్నంత మాత్రాన నేరం కాదు. మోకాలి ఇంప్లాంట్ అలా కాదు. జాతీయ ఔషధ ధరల నిర్ణయ సంస్థ 2017 ఆగస్టు 16న దానికి గరిష్ఠ ధర పెట్టింది. మొదటిసారి మార్పిడికి వాడే కోబాల్ట్ క్రోమియం సెట్టుకు అప్పట్లో 54,720 రూపాయలు, టైటానియం వంటి ప్రత్యేక లోహాలకు 76,600. జీఎస్‌టీ అదనం. తర్వాత సవరణలు వచ్చాయి కనుక మీ అమ్మగారి ఆపరేషన్ నాడు అమల్లో ఉన్న ఉత్తర్వునే పట్టుకోవాలి. అదే ఉత్తర్వు ఆస్పత్రులకు మరో బాధ్యత కూడా పెట్టింది: ఇంప్లాంట్ ఖరీదు, బ్రాండు, తయారీదారు, బ్యాచ్ నంబరు, సైజు, లోహం బిల్లులో విడిగా చూపాలి. ‘ఇతర సామగ్రి’తో కలిపి ఒకే వరుస రాయడమే తప్పు. మీ కేసుకు ఆయువుపట్టు అదే.

అయితే ఆ 1,62,000లో ఇంప్లాంట్ ఎంత, దాన్ని ఎముకకు అతికించే సిమెంటు ఎంత, గ్లౌజులు ఎంత? అది తేలనిదే ఎంత అదనంగా తీసుకున్నారో నేనూ చెప్పలేను, కమిషనూ చెప్పలేదు. తేల్చేవి స్టిక్కర్లు. ఇంప్లాంట్‌లో తొడ ఎముకకు బిగించేది, కాలి ఎముకకు బిగించేది, మధ్యలోని ప్లాస్టిక్ భాగం ఇలా విడివిడి పెట్టెల్లో వస్తాయి. పెట్టె విప్పగానే పేరు, సైజు, లాట్ (బ్యాచ్) నంబరు ఉన్న స్టిక్కరు తీసి కేస్ షీట్‌లో అంటిస్తారు. ఆ పేజీ మీరు ఒక్కసారైనా అడిగారా? మూడు పేజీల ఉత్తరంలో గొలుసు గురించి ఉంది గానీ, దీని గురించి ఒక్క ముక్క లేదు. ప్యాకేజీ ‘అన్నారు’ అని రాశారు. ఎవరన్నారు, కాగితం ఏది? ఒప్పుకున్న ధర కంటే ఎక్కువ తీసుకోవడం కూడా చట్టప్రకారం ఫిర్యాదుకు కారణమే, కానీ ఒప్పుకున్నట్టు చూపాలి కదా. కౌంటరులో రాసిచ్చిన చీటీ అయినా, ఫోనుకు వచ్చిన సందేశమైనా వెతకండి.

ఇప్పుడు ఆ సలహా సంగతి. వైద్యుడి నిర్లక్ష్యం అన్నారంటే దాన్ని నిరూపించే భారం మీదే, నిపుణుడైన మరో వైద్యుడి అభిప్రాయం తేవలసి రావచ్చు. మీ అమ్మగారు బాగా నడుస్తున్నారని ఫిజియోథెరపీ కాగితాలే చెబుతాయి. వాటిని ఎదుటి లాయరు కమిషన్ ముందు పెట్టిన రోజు, మీరు చెప్పిన నిజమైన బిల్లు గోడు కూడా ఎవరూ నమ్మరు. పైగా ప్రమాణపత్రంలో అబద్ధం రాసి సంతకం పెట్టేది మీరు, సలహా ఇచ్చినాయన కాదు.

ఈ వారంలోనే మీ అమ్మగారి సంతకంతో ఆస్పత్రికి ఉత్తరం రాయండి. కేస్ షీట్, ఆపరేషన్ నోట్స్, స్టిక్కర్ల పేజీ, వరుసవారీ బిల్లు, అన్ని రసీదుల నకళ్లు అడగండి. చేతికిస్తే మీ నకలుపై ముద్ర, తేదీ వేయించుకోండి. స్పీడ్ పోస్టులో కూడా పంపండి. వైద్యుల వృత్తి నియమావళి ప్రకారం అడిగిన 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇవ్వకపోతే ఎదురుచూడకండి. ఆ ఉత్తరమే జతపరిచి జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేసి, రికార్డులు తెప్పించమని అక్కడే కోరండి. మీరు ఉంటున్న జిల్లాలోనే వేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షలలోపే కనుక ఫీజు లేదు. ధరల సంస్థకు విడిగా ఫిర్యాదు చేయండి, మంచిదే. కానీ అక్కడ వసూలయ్యే అధిక ధర ప్రభుత్వానికి పోతుంది, మీకు రాదు. దానివల్ల రెండేళ్ల గడువూ పెరగదు.

ఆ 60,000 విషయం: తుది బిల్లు మొత్తం ఎంతో మీరు రాయలేదు. బిల్లు 3,45,000కు ఉండి, బకాయి లేదని చూపుతుంటే నగదు ముట్టినట్టే లెక్క. బిల్లే 2,85,000కు ఉంటే, బ్యాంకులో ఆ రోజు డబ్బు తీసిన వివరం ఒక్కటే మిగులుతుంది, అది చాలదు. అప్పుడు ఆ మొత్తాన్ని విడి అంశంగా రాయండి, ఇంప్లాంట్ లెక్కతో కలపకండి.