కేబుల్ తీసేసినా రికార్డింగ్ పోకుండా

ప్రశ్న: మేం డాలస్ పక్కన ఫ్రిస్కోలో సొంతింట్లో ఉంటున్నాం. కేబుల్, ఇంటర్నెట్ కలిపి నెలకు 190 డాలర్లు అవుతోంది. రాత్రి వార్తలు, ఆదివారం ఫుట్‌బాల్ రికార్డు చేసుకుని, ప్రకటనలు దాటేసి చూడటం మాకు అలవాటు. ఆ సదుపాయం పోకుండా కేబుల్ తీసేయొచ్చా?

జవాబు: నిశ్చింతగా తీసేయొచ్చు. మీరు చూసేవి ఎక్కువగా ఏబీసీ, సీబీఎస్, ఎన్‌బీసీ, ఫాక్స్‌లలో వచ్చేవే. ఈ నాలుగూ యాంటెన్నాకు ఉచితంగా అందుతాయి. మీ బిల్లులో ‘బ్రాడ్‌కాస్ట్ టీవీ ఫీజు’ అనే పద్దు ఉంటే అది వీటి పేరు మీద వేసిందే. ముందుగా కంపెనీకి ఫోన్ చేసి, ఒక్క ఇంటర్నెట్ మాత్రమే ఉంచుకుంటే ఎంతవుతుందో కనుక్కోండి. కలిపి ఇచ్చిన తగ్గింపు పోయి ఇంటర్నెట్ ధర పెరగవచ్చు. మిగిలేదెంతో ఆ అంకెను బట్టే లెక్క వేయాలి.

డాలస్ చానళ్ల టవర్లు సెడార్ హిల్‌లో ఉన్నాయి. ఫ్రిస్కో నుంచి సుమారు 40 మైళ్లు, దక్షిణానికి కాస్త పడమరగా. ఇంత దూరంలో టీవీ వెనక అంటించే పల్చటి యాంటెన్నాను నమ్ముకోవద్దు. అటకలోనో కప్పు మీదో పెట్టేది తీసుకోండి. టీవీ సిగ్నళ్లు యూహెచ్‌ఎఫ్, వీహెచ్‌ఎఫ్ అనే రెండు ఫ్రీక్వెన్సీ శ్రేణుల్లో వస్తాయి. పెట్టె మీద యూహెచ్‌ఎఫ్‌తో పాటు హై వీహెచ్‌ఎఫ్ అని కూడా ఉండాలి. ఇక్కడి ఏబీసీ స్టేషన్ డబ్ల్యూఎఫ్‌ఏఏ ప్రసారమయ్యేది వీహెచ్‌ఎఫ్‌లోని 8వ చానల్‌లో. యూహెచ్‌ఎఫ్ మాత్రమే అందుకునే యాంటెన్నా కొన్నవాళ్లకు మిగతావి వచ్చి అదొక్కటే రాదు. తప్పు టీవీలో ఉందనుకుంటారు. ఎల్‌ఈడీ బల్బులు కూడా వీహెచ్‌ఎఫ్‌ను చెడగొడతాయి. బొమ్మ గళ్లుగళ్లుగా విరిగిపోతుంటే దగ్గర్లోని బల్బులు ఆర్పి చూడండి.

టెక్సస్‌లోని చాలా కొత్త ఇళ్లలో ఎండ వేడి దిగకుండా కప్పు చెక్కల లోపలి వైపు అల్యూమినియం రేకు అంటిస్తారు. అది సిగ్నల్‌ను కూడా ఆపేస్తుంది. అటకలోకి ఎక్కి తలెత్తి చూడండి, మెరుస్తుంటే యాంటెన్నా బయటే పెట్టాలి. కాలనీ సంఘం వద్దంటుందని భయపడకండి. మీ సొంత కప్పు మీద, మీ పెరట్లో టీవీ యాంటెన్నా పెట్టుకునే హక్కు ఎఫ్‌సీసీ (ప్రసారాలను నియంత్రించే అమెరికా ప్రభుత్వ సంస్థ) నిబంధన ప్రకారం 1996 నుంచి ఉంది. బయట పెట్టినప్పుడు ఎర్తింగ్ మాత్రం మానొద్దు. 10 గేజ్ రాగి తీగతో స్తంభాన్ని, కేబుల్‌ను ఇంటి ఎర్త్‌కు కలపాలి.

గోడల్లో ఉన్న పాత కేబుల్ వైరునే వాడుకోవచ్చు, కానీ కంపెనీ నుంచి వచ్చే వైరును దాన్నుంచి విప్పేయాలి. ఇంటర్నెట్ కూడా కేబుల్ కంపెనీదే అయితే మోడెమ్‌కు వెళ్లే వైరు పూర్తిగా వేరుగా ఉండాలి. రెండూ ఒకే ఫ్రీక్వెన్సీలు వాడతాయి కాబట్టి కలిపితే రెండూ చెడతాయి. స్ప్లిటర్‌తో రెండు పాయలు చేస్తే ఒక్కోదానికి సుమారు 3.5 డెసిబెల్స్, నాలుగు చేస్తే 7 డెసిబెల్స్ సిగ్నల్ నష్టం. 40 మైళ్ల దూరంలో ఇది చిన్న నష్టం కాదు.

అందుకే ప్రతి టీవీకీ వైరు లాగకుండా, యాంటెన్నాను ఒకే రికార్డర్‌కు కలిపి, అక్కణ్నుంచి వైఫైలో అన్ని టీవీలకూ పంపడం మేలు. ఇందులో రెండు దారులున్నాయి. ఒకటి టాబ్లో అనే రికార్డర్. దాని నాలుగో తరం పెట్టెకు నెలచందా లేదు, లోపలే 128 జీబీ ఉంటుంది, అంటే సుమారు 50 గంటలు. అమర్చడం తేలిక, కానీ రికార్డింగులు ఆ పెట్టె దాటి బయటికి రావు. రెండోది హెచ్‌డీహోమ్‌రన్ అనే పెట్టె. ఇందులో రికార్డింగులు మామూలు ఫైళ్లు, ఏ కంప్యూటర్‌లోనైనా ఆడతాయి. డిస్కు మీరే కొనాలి, రికార్డింగ్ సేవకు ఏడాది చందా కట్టాలి, రూటర్‌కు నెట్‌వర్క్ వైరు ఉండాలి. మా సలహా ఈ రెండోదే: చందా మానేసినా పాత రికార్డింగులు మీ దగ్గరే ఉంటాయి. గంట హెచ్‌డీకి ఎక్కువలో ఎక్కువ 8.7 జీబీ పడుతుంది. 1 టీబీ డిస్కులో 110 గంటలకు పైగా పడతాయి. ట్యూనర్ల (చానల్‌ను అందుకునే భాగాల) సంఖ్యను చూసి కొనండి: రెండు ట్యూనర్లుంటే ఒకేసారి రెండు చానళ్లే.

యాంటెన్నాకు రాని ఈఎస్‌పీఎన్ చానల్‌లోని ఆటలు కూడా కావాలంటే, ఆ నెలల వరకే ఇంటర్నెట్‌లో చానళ్లు ఇచ్చే యూట్యూబ్ టీవీ లాంటిది కట్టండి. దాని మామూలు ధర 2025లో నెలకు 82.99 డాలర్లు ఉండేది, అంటే ఏడాది పొడవునా ఉంచుకుంటే మీ ఆదా చాలావరకు అక్కడికే పోతుంది. అందులో రికార్డింగ్‌కు పరిమితి లేదు, అయితే ఒక్కోటి 9 నెలలే ఉంటుంది.

ప్రశ్న: అమ్మానాన్న ఆరు నెలలు ఉండటానికి వస్తున్నారు. తెలుగు సీరియళ్లు కూడా ఇలా రికార్డు చేయొచ్చా?

జవాబు: తెలుగు సీరియళ్లు వేసే చానళ్లు యాంటెన్నాకు రావు. యప్ టీవీ, స్లింగ్ లాంటి ఇంటర్నెట్ టీవీ సేవల్లో తీసుకోవాలి. అక్కడ రికార్డింగ్ కోసం వెతకకుండా, ప్రసారమైపోయిన కార్యక్రమాన్ని కొన్ని రోజుల దాకా మళ్లీ చూపే క్యాచ్‌అప్ ఉందో లేదో చూడండి. ఇండియాలో రాత్రి 9 గంటల సీరియల్ మీకు వేసవిలో ఉదయం 10.30కి, చలికాలంలో 9.30కి పడుతుంది. క్యాచ్‌అప్ ఉంటే సాయంత్రం తీరిగ్గా చూస్తారు. సినిమాలకు, క్రికెట్‌కు హక్కుల వల్ల ఈ సదుపాయం తరచు ఉండదు. ఇండియాలో కట్టిన చందా ఇక్కడ పనిచేస్తుందని అనుకోవద్దు, ప్రసార హక్కులు ఏ దేశానికి ఆ దేశానివే. ఏడాది ప్లాన్ తీసుకోకండి. నెలవారీది తీసుకుని, వాళ్ల తిరుగు ప్రయాణం తేదీకి ముందే ఆటో రెన్యువల్ ఆపేయండి.

ప్రశ్న: పాత కేబుల్ బాక్సులోని రికార్డింగులను కంప్యూటర్‌లోకి తీసుకోవచ్చా?

జవాబు: కుదరదు. ఆ డిస్కు ఎన్‌క్రిప్ట్ అయి ఉంటుంది, విప్పి కంప్యూటర్‌కు తగిలించినా ఏమీ కనపడదు. చూడాల్సినవి బాక్సు తిరిగిచ్చేలోపే చూసేయండి. ఇచ్చేటప్పుడు సీరియల్ నంబరుతో సహా రసీదు తీసుకుని, ఆఖరి బిల్లు వచ్చేదాకా దాచండి. బాక్సు అందలేదని దాని ఖరీదు బిల్లులో వేస్తే మీకు ఆధారం ఆ కాగితమే.