అత్తయ్యను ఉన్నట్టే గీశాను, ఆవిడ నొచ్చుకున్నారు

ప్రశ్న: నాకు 34 ఏళ్లు. రాజమండ్రిలో ఉంటాం. లాక్‌డౌన్‌లో పిల్లల రంగు పెన్సిళ్లతో బొమ్మలు వేయడం మొదలుపెట్టాను. ఇప్పటికి మా అమ్మవి, మావారివి, పిల్లలవి, స్నేహితురాళ్లవి కలిపి ఇరవైకి పైగా ముఖాలు గీశాను. మొన్న మామగారి షష్టిపూర్తికి అత్తమామలిద్దరివీ చెరో బొమ్మ వేసి, ఫ్రేమ్ కట్టించి, చుట్టాలందరి ముందూ ఇచ్చాను. ఎవరికీ చెప్పకుండా నెలన్నర పాటు రాత్రుళ్లు కూర్చుని వేసినవి. మామగారు మురిసిపోయారు. అత్తయ్య మాత్రం తన బొమ్మ చూసి, "నేనింత నల్లగా ఉంటానా?" అన్నారు. "వదినా, మా అమ్మను ముసలమ్మను చేసేశావు" అని మా ఆడపడుచు నవ్వింది. అందరూ నవ్వారు. మర్నాటికి ఆ బొమ్మ బీరువా మీద, గోడవైపు తిరిగి ఉంది. నా ఫోన్లో ఉన్న ఫొటో చూసి ఉన్నది ఉన్నట్టే వేశాను. నీడలకు నల్ల పెన్సిల్ కాస్త వాడానంతే. మావారేమో "ఇంకోటి తెల్లగా వేసిచ్చెయ్యి, గొడవ వదిలిపోతుంది" అంటున్నారు. అబద్ధం గీయడానికి నాకు చెయ్యి రావడం లేదు. అప్పట్నుంచి పెన్సిల్ ముట్టుకోలేదు. అయినవాళ్ల బొమ్మలు వేయడం మానెయ్యనా?

జవాబు: మీవారి మాట విని తెల్లగా మాత్రం వేయకండి. ఈ ఒక్క సంగతి ముందే చెప్పేస్తున్నాను. చాయ మార్చి ఇంకో బొమ్మ ఇస్తే, "నీ రంగు దాచాల్సిందే" అని కోడలు కూడా ఒప్పుకున్నట్టవుతుంది. ఆవిడ దాన్ని హాల్లో తగిలించుకున్నా, చూసిన ప్రతిసారీ అదే గుర్తొస్తుంది. మీకూ గుర్తొస్తుంది.

అలాగని తప్పంతా ఆవిడ మీదకు నెట్టలేను. నేనూ చాలా ఏళ్లుగా రంగు పెన్సిళ్లతో ఇంట్లోవాళ్ల ముఖాలు వేస్తున్నదాన్నే కాబట్టి కాస్త చనువు తీసుకుని అడుగుతున్నాను. నల్ల పెన్సిల్ "కాస్త" వాడానన్నారు కదా, అక్కడే ఒక్క నిమిషం ఆగండి. మన చామనచాయలో పసుపు ఉంటుంది, ఎరుపు ఉంటుంది, దవడ కింద నీడలో ఊదా కూడా ఉంటుంది. వాటి మీద నలుపు రుద్దితే ఆ రంగులన్నీ చచ్చిపోయి ముఖానికి మసి పూసినట్టవుతుంది. అడుగున గంధం రంగు, దాని మీద నారింజ, ఆ పైన ఇటుక రంగు, తర్వాత ముదురు గోధుమ, ఇలా పొర మీద పొర తేలిక చేత్తో వేసుకుంటూ రండి. ఒక్కసారే గట్టిగా నొక్కితే కాగితం నున్నబడి, మెరిసి, ఇంక తర్వాతి రంగు పట్టదు. బాగా చీకటిగా ఉండాల్సిన చోట మెరూన్ మీద ముదురు నీలం వేసి చూడండి, నలుపు అవసరమే రాదు. నుదురు, ముక్కు కొన, కింది పెదవి మీద వెలుగు పడే చోట కాగితాన్ని దాదాపు అలాగే వదిలేయాలి. అంతా నింపేశాక తెల్ల పెన్సిల్‌తో ఎంత దిద్దినా ఆ వెలుగు తిరిగి రాదు.

ఇలా వేస్తే చాయ అదే ఉంటుంది, ముఖంలో కళ వస్తుంది. ఆవిడ "నల్లగా" అన్నది కొంతవరకు ఆ మసి గురించే కావచ్చు. ఆవిడకు పెన్సిళ్ల సంగతి తెలియదు. కంటికి ఏదో తేడా కొట్టింది, నోటికి అలవాటైన మాట వచ్చింది.

ముడతలూ అంతే. కంటి చివర ముడతను మనం రెండు వైపులా పదునుగా ఉండే గీతలా గీసేస్తాం. అది చర్మం మడతపడిన చోట పడ్డ చిన్న నీడ. దానికి ఒక అంచే పదునుగా ఉంటుంది, రెండో అంచు మెల్లగా చర్మంలో కలిసిపోతుంది. ఆ కలిసిపోవడం చూపించకపోతే మనిషి మీద పదేళ్లు పడతాయి. మీ ఆడపడుచు నవ్వకుండా ఉండాల్సింది, నిజమే. కానీ ఆ అమ్మాయి చూసింది కూడా ఇదేనేమో ఒకసారి చూసుకోండి.

ఇంకో మాట. ఫోన్‌ను ముఖానికి రెండడుగుల దూరంలో పెట్టి తీస్తే ముక్కు పెద్దదవుతుంది, చెవులు వెనక్కి పోతాయి. నడినెత్తిన లైటు ఉంటే కళ్ల కింద గుంటలు పడతాయి. మీది అలాంటి ఫొటోయే అయితే మీరు ఉన్నది ఉన్నట్టు వేసింది ఆ ఫొటోను. ఐదారడుగులు వెనక్కి జరిగి, కొంచెం జూమ్ చేసి, కిటికీ పక్క వెలుగులో తీసి చూడండి, మీకే తేడా తెలుస్తుంది.

అన్నీ సరిగ్గా కుదిరినా, ఎవరి ముఖం వాళ్లకు బొమ్మలో కొత్తగానే ఉంటుంది. 1977లో అమెరికాలో ముగ్గురు పరిశోధకులు కొందరు అమ్మాయిల ఫొటోలను ఒకటి మామూలుగా, ఇంకోటి అద్దంలో కనిపించేలా కుడిఎడమలు మార్చి వేయించి చూపించారు. ఆ అమ్మాయిల్లో ఎక్కువమంది అద్దంలోలా ఉన్నదే బాగుందన్నారు. వాళ్ల స్నేహితుల్లో ఎక్కువమందికి మామూలు ఫొటో నచ్చింది. ఎవరికి ఏది అలవాటో అదే అందం. అత్తయ్యకు ముక్కుపుడక కుడివైపు ఉంటే, రోజూ బొట్టు పెట్టుకునేటప్పుడు అద్దంలో కూడా అది ఆవిడ కుడిచేతి వైపే కనిపిస్తుంది. మీ బొమ్మ ముందు నిలబడితే ఎడమచేతి వైపుకొచ్చేస్తుంది. మీరు రోజూ చూసే అత్తయ్య, ఆవిడ రోజూ చూసుకునే అత్తయ్య ఒకరు కారు. అలాంటి ముఖాన్ని ఆవిడ మొదటిసారి చూసింది పదిమంది చుట్టాల మధ్య.

మీ వైపు జరిగిన పెద్ద పొరపాటు ఇదేనని నాకనిపిస్తోంది. 1954లో అప్పటి బ్రిటన్ ప్రధాని చర్చిల్ 80వ పుట్టినరోజుకు అక్కడి పార్లమెంటు వాళ్లు గ్రాహం సదర్లండ్ అనే పేరున్న చిత్రకారుడితో ఆయన బొమ్మ వేయించి, వెస్ట్‌మినిస్టర్ హాల్లో అందరి ముందూ ఇచ్చారు. చర్చిల్‌కు అది అస్సలు నచ్చలేదు. ఇంటికి చేరాక దాన్ని ఎక్కడా తగిలించలేదు, చివరికి ఆయన భార్య చొరవతోనే అది కాలిపోయింది. రెండో ప్రపంచ యుద్ధంలో దేశాన్ని నడిపించిన మనిషే తన ముసలితనం నలుగురిలో చూసి తట్టుకోలేకపోయాడు. మీ అత్తయ్య బొమ్మను బీరువా మీద పెట్టి ఊరుకున్నారు, నయం.

ఇక ఆ "నల్లగా" అన్న మాట. మీ అత్తయ్య ఈడు ఆడవాళ్లలో, పెళ్లిచూపుల నాడు "చాయ తక్కువే గానీ పిల్ల బాగుంటుంది" అనే మాట చెవిన పడనివాళ్లు తక్కువ. నా దగ్గరకొచ్చే ఆడవాళ్లు అరవై దాటాక కూడా ఆ మాట ఎవరన్నారో, ఎక్కడ కూర్చుని అన్నారో సహా చెప్తారు. మన దగ్గర ఫెయిర్ అండ్ లవ్లీ వచ్చింది 1975లో, ఆ పేరులోంచి "ఫెయిర్" తీసేసింది 2020లో. ఆవిడ పెరగడం, పెళ్లి, పిల్లల్ని కనిపెంచడం అంతా ఆ మధ్య కాలంలోనే గడిచి ఉంటుంది. మీ అత్తయ్యకూ అలాంటిదేదో జరిగిందని నేను తేల్చి చెప్పను. అడిగి తెలుసుకోవాల్సింది మీరు.

ఒక మధ్యాహ్నం, మామగారు పడుకున్నాక, ఆడపడుచు లేనప్పుడు, పక్కన కూర్చోండి. "అత్తయ్యా, మీకు చెప్పకుండా వేశాను, అందరి ముందూ ఇచ్చాను. మీకు కష్టమనిపించింది కదా" అనండి. బొమ్మను సమర్థించుకోకండి, అప్పుడే పెన్సిళ్ల పాఠమూ వద్దు. ఆవిడ మాట్లాడితే వినండి. తోసిపుచ్చినా పర్వాలేదు, పాత ఆల్బమ్ తీయండి. పెళ్లి నాటి బ్లాక్ అండ్ వైట్ ఫొటోలు చూస్తూ ఏ ఫొటోలో తను బాగున్నానని అనుకుంటున్నారో అడగండి. ఆవిడ వేలు ఎక్కడ ఆగుతుందో చూడండి.

తర్వాత, ఒప్పుకుంటేనే, ఇంకో బొమ్మ. ఏ చీర, జడా ముడా, నవ్వుతూనా మామూలుగానా, అన్నీ ఆవిడ ఇష్టం. చాయ మాత్రం ఆవిడదే. అరుగు మీద వెలుగులో అరగంట ఎదురుగా కూర్చోబెట్టుకుని, కబుర్లు చెప్పుకుంటూ కాగితం మీద చిన్నచిన్న రంగు మచ్చలు వేసి, ఆవిడ చేతి పక్కన పెట్టి పోల్చండి. "ఇది చూడండత్తయ్యా, మీ చెంప మీద ఈ రాగి రంగు ఉంది" అని చూపించండి. తన ఒంట్లో అన్ని రంగులున్నాయని ఆవిడకు ఎవరైనా చెప్పారో లేదో. సగంలో ఒకసారి చూపించండి. పూర్తయ్యాక ముందు ఆవిడ ఒక్కరే చూడాలి. అందరికీ చూపించాలా వద్దా అన్నది ఆవిడ చెప్తారు.

ముఖం వద్దంటే బలవంతపెట్టకండి. మల్లెపూలు కట్టే చేతులు వేయండి. దారం, గాజులు, వేళ్ల కణుపులు, చాలా బాగా వస్తుంది.

మీవారితో "ఈ విషయం నేనూ అత్తయ్యా చూసుకుంటాం" అని చెప్పేయండి, చాలు. గొడవ త్వరగా పోవాలనే ఆయన అలా అన్నారు, మీ పనిని తక్కువ చేయాలని కాదు.

అయినవాళ్ల బొమ్మలు ఎందుకు మానాలి? ఇన్ని ముఖాలు గీసిన చెయ్యి ఒక్క మాటకు ఆగిపోతే నాకు బాధగా ఉంది. ఈలోగా పిల్లలను కూర్చోబెట్టి ఊరికే గీస్తూ ఉండండి, లేకపోతే చెయ్యి బిగుసుకుపోతుంది.

బీరువా మీదున్న బొమ్మను అత్తయ్యను అడిగి దించి, ఫ్రేమ్‌లోంచి తీయండి. మైనం ఎక్కువున్న పెన్సిళ్లయితే ముదురు రంగుల మీద తెల్లటి పొరలాంటిది వచ్చి ఉండొచ్చు, మెత్తటి గుడ్డతో తేలిగ్గా తుడిస్తే పోతుంది. పైన బటర్ పేపర్ వేసి మీ ఫైల్లో పెట్టుకోండి. వెనక తేదీ రాయడం మరిచిపోకండి.