ఈస్టర్‌ని తొందరపెట్టకు

అమ్మాయ్,

కథ అందింది. చదివి పక్కన పెట్టి, మర్నాడు పొద్దున మళ్లీ చదివాను. రాయగలవు, అందులో అనుమానమేమీ లేదు. నీ కథలో బెజవాడ సింగ్‌నగర్ ఇంట్లో బుడమేరు వరద నీళ్లు గోడ మీద వదిలిపోయిన గీత ఉంది కదా, దానికి జానెడు పైన ఆ ఇంటి తల్లి బైబిల్ వాక్యం క్యాలెండర్‌కి కొత్త మేకు కొట్టుకుంటుంది, ఇక ఇంతకంటే పైకి రావులే అన్నట్టు. ఆ ఒక్క చోటుకే నిన్ను నమ్మాను. కానీ చివరి రెండు పేజీలకి వచ్చేసరికి నవ్వొచ్చింది, ఏమీ అనుకోకు. ఈస్టర్ తెల్లవారేసరికి మొగుడు తాగుడు మానేశాడు, కొడుక్కి ఉద్యోగం కాగితం వచ్చింది, వరదలో మునిగి ఏడు నెలలుగా మూలన పడున్న కుట్టు మిషను కూడా గిర్రున తిరిగింది. ఒక్క ఆదివారం, అదీ టిఫిన్ వేళ కాకముందే, ఇన్ని పనులా!

ఇది నీ ఒక్కదాని ఇబ్బంది కాదు. చర్చిల్లో పెరిగిన పిల్లలం కదా, మనకి కథ చెప్పడం మొదట నేర్పేది సాక్ష్యమే. మైకు చేతికిస్తారు, ప్రభువు నామంలో అందరికీ వందనాలు అంటాం, ఫలానా కష్టంలో ఉన్నాను, ఫలానావాళ్లు ప్రార్థన చేశారు, కష్టం తీరింది, ఈ కొద్ది మాటలు దేవుడు దీవించును గాక, ఇక కూర్చుంటాం. సాక్ష్యాన్ని నేను తక్కువ చేయడం లేదు, విని కళ్లు తుడుచుకున్నవాణ్ణే. అయితే సాక్ష్యం చెప్పే మనిషికి ముగింపు ముందే తెలుసు. తెలుసు కాబట్టే లేచి నిలబడింది. నీ కథలో మనిషికి తెలియదు, తెలియకూడదు. నీ కథ జరిగిన 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20 అని చర్చిలో చంటిపిల్లలకి కూడా తెలుసు, ఆ రోజుకి తన ఇంట్లో ఏమైనా మారుతుందో లేదో మాత్రం ఆమెకి తెలియదు. నీకు కావలసిన కథంతా అక్కడుంది. నువ్వేమో పాపం ఆమెని శ్రమల దినాల్లో, అదే ఈస్టర్ ముందు నలభై రోజుల లెంట్‌లో, కుదురుగా నాలుగు రోజులు కూడా ఉండనివ్వకుండా చెయ్యిపట్టి లాక్కెళ్లి పునరుత్థాన పండగలో నిలబెట్టావు.

కాబట్టి మొదటి మాట, నా దగ్గరున్న ముఖ్యమైన మాట కూడా ఇదే: ఆ నలభై రోజుల్లోనే ఉండు. అక్కడ బోలెడంత సరుకుంది.

అసలు ఆ నలభై లెక్క దగ్గరే మొదలుపెట్టు. లెంట్ మొదలయ్యే భస్మ బుధవారం నుంచి ఈస్టర్ ముందు శనివారం దాకా వేళ్లు మడిచి లెక్కపెడితే 46 రోజులు తేలతాయి. ఆదివారం పునరుత్థాన దినం కాబట్టి ఆరు ఆదివారాలూ ఉపవాసంలోకి రావంటారు, తీసేస్తే నలభై. బైబిల్ స్టడీలో ఇది ఒక్క నిమిషం సంగతి, ఇంట్లో నెలన్నర పేచీ. నలభై రోజులు నీచు ముట్టనని తల్లి మొక్కుకుంది, ఆదివారం లెక్కలో లేదని కొడుకు పాస్టరుగారి దగ్గర విని వచ్చాడు, చికెన్ కొట్టు ముందు క్యూ ఉంది, తనకి వద్దనుకున్న కూర వాడికి వండిపెట్టాలా అక్కర్లేదా? వండితే రుచి ఎలా చూస్తుంది? ఉప్పు చూడకుండా వండిన ఆ కూర సంగతి నువ్వు రాయకపోతే ఎవరు రాస్తారు! నీ కథలో 'ఆమె నలభై దినములు ఉపవాసముండెను' అని ఒక్క వాక్యంలో తేల్చేశావు. ఉపవాసమంటే ఏమిటో కూడా చెప్పలేదు. ఒక పూట తినేవాళ్లున్నారు, సాయంత్రం ఆరు దాకా మంచినీళ్లతో ఉండి మజ్జిగతో విడిచేవాళ్లున్నారు, శుక్రవారాలు మాత్రమే ఉండేవాళ్లున్నారు, షుగర్ మాత్రలు వేసుకుంటూ డాక్టరు వద్దన్నా వినకుండా ఉండి కళ్లు తిరిగి పడేవాళ్లూ ఉన్నారు. ఈ మధ్య ఫోన్ మానేశాం అనేవాళ్లు తయారయ్యారు, మానేస్తున్నామని వాట్సాప్‌లో స్టేటస్ పెట్టి మరీ.

నేను గుంటూరు లూథరన్ సంఘం వాణ్ణి, మీ మెథడిస్టు సంఘం వాళ్ల ఇంట్లో తలదూరుస్తున్నాననుకోకు. కానీ మీ సంఘం చరిత్రలో ఒక తమాషా ఉంది, దాన్ని నువ్వు వాడుకోలేదు. మీ మూలపురుషుడు జాన్ వెస్లీ 1784లో అమెరికాలో ఉన్న మెథడిస్టుల కోసం ఆంగ్లికన్ ప్రార్థన పుస్తకాన్ని కుదించి పంపాడు. అందులో చాలా పండగ దినాలతో పాటు లెంట్‌ని కూడా ఎత్తేశాడు, వాటివల్ల ఇప్పుడు పెద్ద ప్రయోజనం లేదన్నాడు. గుడ్ ఫ్రైడేని ఉంచాడు. అలాగని ఉపవాసం విషయంలో మెత్తనివాడేం కాదు, ఆక్స్‌ఫర్డ్‌లో కుర్రవాడిగా ఉన్నప్పటి నుంచే బుధవారం, శుక్రవారం మధ్యాహ్నం మూడింటి దాకా ఏమీ తినని మనిషి. అంటే శుక్రవారం ఆకలి మీకు మూలపురుషుడి దగ్గర్నుంచే వచ్చింది, నలభై రోజుల లెక్క తర్వాత వచ్చి కలిసింది. అందులో కొంత ఇరుగుపొరుగు నుంచి కూడా వచ్చి ఉంటుందని నా అనుమానం. ఊళ్లో సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) వాళ్లున్నారు, గుణదలలో కథోలికులున్నారు, కృష్ణ దాటితే 1842లో మిషనరీ హేయర్ దొరగారు గుంటూరు వచ్చినప్పటి నుంచీ మా లూథరన్లం ఉన్నాం. ఇలాంటి చోట మీ సంఘంలో ఒక పెద్దావిడ, రైల్వే ఉద్యోగం మీద సికింద్రాబాదు నుంచి వచ్చి ఇక్కడే ఉండిపోయిన కుటుంబం అనుకో, నుదుట బూడిద పెట్టే భస్మ బుధవారం నాడు 'మన దాంట్లో ఈ బూడిదలు ఎప్పట్నించి?' అని అడిగితే? ఆవిడ అడగడంలో న్యాయముంది. నీ కథలో ఆవిడ ఉంది కూడా, మూడో పేజీలో, కాకపోతే తల ఊపుతూ కూర్చుంది. ఆవిణ్ణి మాట్లాడించు. విశ్వాసం ఉన్నవాళ్లందరూ ఒకరికొకరు ఆమేన్ చెప్పుకుంటూ ఉంటే పాఠకుడు ఎందుకు చదవాలి?

పాస్టరుగారిని కూడా మరీ తెల్లగా ఉతికి ఆరేశావు. మీలో పాస్టరుని సంఘం ఎన్నుకోదు, బిషప్ గారు నియమిస్తారు, మళ్లీ ఆయనే మారుస్తారు. రేపో మాపో ట్రాన్స్‌ఫర్ వస్తుందని తెలిసిన మనిషి, ఇంటర్ రాస్తున్న కూతురున్న మనిషి, లెంట్‌లో రోజుకో ఇంట్లో ప్రార్థన కూడిక పెట్టి 'ఈ లోకంలో మనం యాత్రికులం' అని చెబుతుంటే ఆయన గొంతు ఎలా ఉంటుందో ఒక్కసారి చెవిపెట్టు. ఆయన్ని దొంగని చేయమనడం లేదు. ఆ టెన్షన్ ఆయనకీ ఉందని పాఠకుడికి తెలిస్తే ఆ వాక్యానికి బరువొస్తుంది.

మీ చరిత్రలోంచే ఇంకొకటి చెబుతాను, ఇది రచయితలందరికీ పనికొచ్చేది. 1742లో బ్రిస్టల్‌లో ప్రార్థన మందిరం అప్పు తీర్చడానికి వారానికి మనిషికో పెన్నీ వసూలు చేయాలనుకున్నారు. పదకొండు పన్నెండు మందికి ఒకడు చొప్పున ఇల్లిల్లూ తిరిగారు. పైసల కోసం గుమ్మం ఎక్కినవాళ్లకి లోపలి సంగతులు కనబడ్డాయి, ఒకడు తాగి ఉన్నాడు, ఒకడు భార్యతో గొడవపడుతున్నాడు. వెస్లీకి అది తెలిసి, అయితే వీళ్లే వారం వారం వెళ్లి మనుషుల బాగోగులు కనుక్కోవాలని పెట్టాడు. మీ క్లాస్ మీటింగులు అలా పుట్టాయి. నీకూ అదే దారి. స్త్రీల సమాజం వాళ్లు పిడికెడు బియ్యం పోగుచేయడానికి బయలుదేరితే సంచి నేను మోస్తానని వెంటపడు. గుమ్మంలో నిలబడి చూసినన్ని సంగతులు చర్చి బెంచీ మీద కూర్చుంటే కనబడవు.

ఆ బియ్యం దగ్గర కాసేపు ఆగుదాం. ఎసట్లో పోసే ముందు ఒక పిడికెడు తీసి విడిగా డబ్బాలో వేస్తారు, అది దేవుడి వాటా. నీ కథలో ఇది ఒకచోట పేరుకి వచ్చి పోయింది. వరద తగ్గాక ఆ తల్లి ఇంట్లో ఉన్నవి పంచిపెట్టిన బియ్యం. గ్రౌండ్ ఫ్లోర్ ఇంటికని ప్రభుత్వం ఇచ్చిన 25,000 మంచానికీ, గ్యాస్ పొయ్యికీ, పిల్లాడి ఫీజుకీ సరిపోయాయి. వచ్చిన బియ్యంలోంచి దేవుడికి తీసినప్పుడు ఆమె పిడికిలి ఎంత పెద్దదిగా ఉంది? మొదటి వారం ఎంత, నాలుగో వారం ఎంత? పొడుగ్గా రాయక్కర్లేదు, వేళ్లు రాస్తే చాలు. తర్వాత చర్చిలో అందరి డబ్బాలూ ఒకే గోతంలోకి గుమ్మరిస్తారు, ఒకరి సన్నబియ్యం, ఒకరి కోటా బియ్యం, ఒకరి డబ్బాలో పురుగు. ఆ బియ్యాన్ని వేలం వేస్తే కొనుక్కున్నావిడ ఇంటికెళ్లి వండితే సగం మెత్తబడి సగం పలుకు. ఆవిడ సణుగుతుంది, కానీ వచ్చే ఏడు మళ్లీ వేలం పాడుతుంది. ఆ సణుగుడు కూడా విశ్వాసంలో భాగమేనని నేననుకుంటాను, పాస్టరుగార్లు ఒప్పుకోరు.

ఒక సరి చేయాల్సింది ఉంది. శ్రమల దినాల మధ్యలో ఎదురింటి అమ్మాయి పెళ్లి పెట్టేశావు. పెళ్లిచూపులైతే సరే, పెళ్లి మాత్రం పెద్దవాళ్లు పడనివ్వరు, హాలు ఖాళీగా ఉన్నా, పెళ్లికొడుక్కి సెలవు దొరక్కపోయినా ఈస్టర్ తర్వాతే. అబ్బాయికి సెలవు లేకపోవడం మంచి చిక్కు, కావాలంటే అది వాడుకో.

ఊరు కూడా కాస్త కనబడాలి. నీ కథలో చర్చి గేటు దాటితే బెజవాడ లేదు. 2025లో ఏం జరిగిందో గుర్తుందా? మార్చి 2న రంజాన్ నెల మొదలైంది, 5న భస్మ బుధవారం, 30న ఉగాది. మేడ మీద వాటాలో ఉన్నావిడ తెల్లవారుజామున సహరీకి లేచి గిన్నెల చప్పుడు చేస్తుంటే కింద ఈవిడ మోకాళ్ల మీద ఉంటుంది, పక్కింటివాళ్లు ఉగాది పచ్చడి పంపితే ఉపవాసమని చెప్పలేక గిన్నె అందుకుంటుంది. వాళ్లందరి చేత మతసామరస్యం ప్రసంగాలు మాత్రం ఇప్పించకు, దయచేసి. నీళ్ల ట్యాంకర్ దగ్గర దెబ్బలాడుకోనీ.

గుడ్ ఫ్రైడే ఆరాధన బాగా రాశావు, కాకపోతే మరీ పవిత్రంగా. ఏప్రిల్ నెల, మధ్యాహ్నం పన్నెండు నుంచి మూడు, తెల్లచీరలు, తిరుగుతున్నా గాలి తగలని ఫ్యాన్లు, సిలువ మీద ఏసు పలికిన ఏడు మాటలకి ఏడుగురు ప్రసంగీకులు. తలా ఇరవై నిమిషాలన్నారు, రెండో మాటకి లేచినాయన నలభై తీసుకున్నాడు, వెనకాల ఆరో మాట, ఏడో మాట వాళ్లు వాచీలు చూసుకుంటున్నారు. ఐదో మాట 'నేను దప్పిగొనుచున్నాను' మీద ప్రసంగం జరుగుతుండగా ముందు వరసలో ఒక ముసలాయన సంచీలో నీళ్ల సీసా మూత తిప్పి, ఆగి, మళ్లీ బిగించి లోపల పెట్టేస్తాడు. ఇలాంటిది ఒకటి నీ కంటికీ పడే ఉంటుంది, వెతుక్కో. అది దొరికితే ఆ పేజీలో ఉన్న 'కన్నీటి సంద్రం', 'కల్వరి ప్రేమ' రెండూ కొట్టేయొచ్చు.

ఇవన్నీ చర్చి బయటివాళ్లకి అర్థమవుతాయా అని అడిగావు. అందుకే కాబోలు, మట్టల ఆదివారం అంటే ఏమిటో పావు పేజీ పాఠం చెప్పావు. అక్కర్లేదు. ఈత మట్టలు పట్టుకుని పిల్లలు కత్తియుద్ధం చేస్తుంటే సండే స్కూలు టీచరు చెవి మెలిపెట్టింది అను, తెలియనివాళ్లు తెలుసుకుంటారు. ఉమ్మడి గుంటూరు జిల్లా వినుకొండలో పుట్టిన జాషువా క్రీస్తు చరిత్రని తెలుగు పద్యంలో రాస్తే 1964లో కేంద్ర సాహిత్య అకాడమీ అవార్డు ఇచ్చారు. తెలుగు పాఠకుడికి ఏసు కొత్తవాడు కాడు. మీ సింగ్‌నగర్ సంఘం కొత్త, వాళ్ల గురించి చెప్పు.

అయితే ఎక్కడ ఆపాలి అంటావు. నన్నడిగితే శనివారం. శుక్రవారం అయిపోయింది, ఆదివారం ఇంకా రాలేదు, చర్చిలో కార్యక్రమమేమీ లేదు. ఆ తల్లి తెల్లవారుజాము ఆరాధనకి చీర ఇస్త్రీ చేయించుకోవాలి, సమాధుల తోటలో అత్తగారి సమాధికి సున్నం వేయించాలి, మొగుడు ఇంకా ఇంటికి రాలేదు. వస్తాడా, ఎలా వస్తాడు, నాకు చెప్పకు. మిషను మాత్రం తిరగనివ్వకు, నీళ్లలో నాలుగు రోజులు నానిన మోటారు అది.

ఇక నువ్వు చివర్లో అడిగింది, అచ్చుకి పంపే ముందు పాస్టరుగారికి చూపించాలా అని. చూపించకు. ఆయన మంచివాడైతే బాధపడి ఊరుకుంటాడు, లేదంటే దిద్దుతాడు, రెండూ నీ కథకి చేటే. ఎవరి ఇంట్లోంచి ఈ కథ తెచ్చుకున్నావో ఆవిడకి మాత్రం చదివి వినిపించు, వండుకునే వేళ కాకుండా తీరిగ్గా ఉన్నప్పుడు. పేరు మార్చాను కదా అనుకోకు, సింగ్‌నగర్‌లో కుట్టు మిషను, తాగే మొగుడు, డిగ్రీ చదివిన కొడుకు అంటే మీ చర్చిలో రెండో బెంచీ వాళ్లు కూడా గుర్తుపట్టేస్తారు. వీధి మార్చు, పని మార్చు, కొడుకుని కూతురు చెయ్యి. ఆవిడ వద్దన్న భాగం ఏదైనా ఉంటే తీసేసి, అప్పుడు నాకు పంపు. పత్రికవాళ్లు ఈస్టర్ ప్రత్యేక సంచికకి కావాలని తొందరపెడితే జూన్‌లో ఇస్తానని చెప్పు.

ఉంటాను.